గేజీగారి అకాల మరణం

ఆ రోజు పొద్దున గేజీగారు ఒక నిర్ణయంతో నిద్ర లేచారు. నిర్ణయంతో నిద్ర లేవటం ఆయనకి కొత్తేమీ కాదు. భోజనాల వేళకల్లా అది ఆయన్ని వదిలేసి తన దారిన తాను పోవటమే అలవాటు. బయట ముసురు పట్టి ఉంది. కిటికీ అవతల వీధీ, గొడుగులూ, ఆకాశమూ అన్నీ ఒకే బూడిదరంగులో ఉన్నాయి.

"ఇవాళ అడిగేస్తాను," అన్నారాయన కాఫీ కప్పు కింద పెడుతూ.

"ఏం అడుగుతారు?" అంది భార్య. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. జవాబు తెలిసి కూడా ప్రశ్న అడగటం వృత్తిరీత్యా అబ్బిన గుణం.

"మా సెక్షన్ మూసేస్తారో ఉంచుతారో తేల్చి చెప్పమంటాను. ఉంచేటట్టయితే ఆ ఇన్‌చార్జి పోస్టు నాకే ఇమ్మంటాను."

"అడగండి. కానీ నసగకండి. 'వీలైతే', 'మీకు ఇబ్బంది లేకపోతే' లాంటి మాటలు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. పోతే పోతుంది. రోజూ ఈ మెడ మీద కత్తి కంటే అదే నయం."

గేజీగారు పనిచేసే కంపెనీ చాలా పెద్దది. విద్యుత్ కేంద్రాలకీ, చమురు శుద్ధి చేసే కర్మాగారాలకీ కావలసిన వాల్వులూ, గేజీలూ, వాటన్నిటినీ నడిపే కంప్యూటర్లూ అక్కడ తయారవుతాయి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి కంపెనీ బస్సులోనే వెళ్లాలి. ఇందులో గేజీగారి పని, తయారైన గేజీలు ఒత్తిడిని సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించటం. నిజం చెప్పేదానికి పచ్చ స్టిక్కరు, అబద్ధం చెప్పేదానికి ఎర్ర స్టిక్కరు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే పని. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే బదిలీ అయిపోగా చివరికి గేజీగారన్న పేరే మిగిలింది. ఆవిరి ఒత్తిడి, నూనె ఒత్తిడి, గాలి ఒత్తిడి అన్నీ కొలిచేవారు గానీ, ఆయన మీద ఎంత ఒత్తిడి ఉందో చూసిన పరికరం ఆ కంపెనీలో లేదు.

సెక్షన్‌లో ముగ్గురే మిగిలారు. వీళ్ల పని ఇకమీదట మరో దేశంలో ఒక యంత్రం చేస్తుందని కొంతకాలంగా పుకారు. ముగ్గురూ ఆ విషయం మాట్లాడుకోవటం మానేసి చాలా రోజులైంది. ఒకడికి ఈమధ్యే కవలలు పుట్టారు. రెండోవాడి రిటైర్మెంటు దగ్గరపడింది. గేజీగారికి రాత్రిళ్లు నిద్ర పట్టటం లేదు.

ఆఫీసుకి వెళ్లగానే ఆయన తిన్నగా మేనేజరు గది తలుపు తట్టారు.

"రావయ్యా, రా! నీకోసమే కబురు చేద్దామనుకుంటున్నాను," అన్నాడు మేనేజరు.

ఇన్నేళ్లలో ఆయన కోసం ఎవరూ కబురు చేసింది లేదు. ఆ ఆశ్చర్యంలో వల్లెవేసుకున్న మాటల్లో సగం మరిచిపోయారు.

"సార్... మీకు ఇబ్బంది లేకపోతే... మా సెక్షన్ విషయం..."

"అదంతా తర్వాత. ముందు నువ్వొక సాయం చెయ్యాలి. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు దిగారు. వాళ్లకి సేఫ్టీ డ్రిల్లు చూపించాలి. టెస్టింగ్ హాల్లో గ్యాసు లీకైనట్టు, ఒక మనిషి పడిపోయినట్టు, మనవాళ్లు పరిగెత్తుకెళ్లి కాపాడినట్టు. అంతా సిద్ధం. తీరా చూస్తే ఆ పడిపోవాల్సినవాడు సెలవు పెట్టాడు. ఒంట్లో బాగాలేదట."

"పడిపోవాల్సినవాడికి ఒంట్లో బాగాలేదా సార్?"

"అదే చూడు మరి! బాధ్యత లేదు మనుషులకి. నువ్వైతే కదలకుండా మెదలకుండా పడుకోగలవు. నీ మీద నాకా నమ్మకం ఉంది."

పందొమ్మిదేళ్ల సర్వీసులో మేనేజరు ఆయన సామర్థ్యాన్ని మెచ్చుకోవటం అదే మొదలు. గేజీగారు కాదనలేకపోయారు. డ్రిల్లు అయ్యాక సెక్షన్ విషయం అడుగుదాంలే అనుకున్నారు. నిర్ణయం భోజనాల వేళదాకా కూడా ఆగలేదు.

టెస్టింగ్ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. బయట లాకర్లో పెట్టి, కార్డుతో తాళం వేసి వెళ్లాలి. గేజీగారు ఫోను లాకర్లో పెట్టేసి, లోపలికి వెళ్లి, ఒక పెద్ద కంప్రెసరు పక్కన నేల మీద పడుకున్నారు. సిమెంటు నేల చల్లగా, కాస్త జిడ్డుగా ఉంది. సేఫ్టీ మేడమ్ వచ్చి ఆయన మెడలో పసుపు కార్డు తగిలించింది. సైరన్ మోగింది. హెడ్డాఫీసువాళ్లు అద్దాల అవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కాపాడవలసిన దళం మాత్రం రాలేదు. షెడ్లకి పాత నంబర్లు తీసేసి కొత్త నంబర్లు వేసి ఎక్కువ రోజులు కాలేదు. దళంవాళ్లు పాత లెక్కన ఇంకో షెడ్డుకి వెళ్లి, అక్కడ ఎవరూ పడిపోయి లేకపోవటంతో అందరూ క్షేమమేనని సంతోషించి, నీళ్లు తాగుతున్నారు.

సేఫ్టీ మేడమ్ చేతి గడియారం చూసుకుంది. మొహం ఎర్రబడింది. వంగి, గేజీగారి మెడలో పసుపు కార్డు తీసేసి నల్ల కార్డు వేసింది.

"ఇదేమిటి మేడమ్?" అన్నారాయన కళ్లు తెరవకుండా.

"పసుపంటే గాయపడినవారు. నలుపంటే పోయినవారు."

"నాకు పడిపోవటం వరకే చెప్పారండీ. పోవటం సంగతి మేనేజరుగారు అనలేదు."

"గడువు దాటిపోయింది. రూల్ ప్రకారం మీరు పోయారు. నేనేం చెయ్యను?"

"మరి... ఊపిరి?"

"మెల్లగా తీసుకోండి. హెడ్డాఫీసువాళ్లు చూస్తున్నారు."

ఆవిడ చేతిలో ఒక టాబ్లెట్ ఉంది. ఒకచోట మీట నొక్కితే పదిచోట్ల పనులు వాటంతటవే జరిగిపోయేలా చెయ్యటం ఆ కంపెనీ ప్రత్యేకత. ఆ సరుకునే దేశదేశాలకీ అమ్ముతారు. మన సరుకు ముందు మనమే వాడాలని హెడ్డాఫీసు ఆదేశించటంతో ఈమధ్యే దాన్ని తమ ఆఫీసులో కూడా పెట్టారు. సేఫ్టీ మేడమ్ అందులో 'ఒకరి మృతి' అని నమోదు చేసింది. 'ఇది డ్రిల్లు మాత్రమే' అని చెప్పే గడి తర్వాతి పేజీలో ఉంది. ఆవిడ పేజీ తిప్పేలోగా హెడ్డాఫీసువాళ్లలో ఒకాయన వచ్చి కరచాలనం చేశాడు.

చివరికి దారి తెలుసుకుని దళం వచ్చింది. గేజీగారిని స్ట్రెచర్ మీద మోసుకెళ్లి ప్రథమ చికిత్స గదిలో మంచం మీద పడుకోబెట్టి, తెల్లదుప్పటి మొహం మీదుగా కప్పి వెళ్లిపోయారు. డ్రిల్లు ముగిసినట్టు సైరన్ మోగేదాకా కదలవద్దన్నారు. దుప్పటి కింద వెచ్చగా, చీకటిగా ఉంది. రేకుల మీద వాన చప్పుడు సన్నగా వినిపిస్తోంది. పోయినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, పోయినవాడు ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. ఎన్నో రాత్రులుగా దగ్గరికి రాని నిద్ర వచ్చి ఆయన్ని ముంచెత్తింది. సైరన్ మోగిన సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

ఈలోగా సరుకు తన సత్తా చూపించింది. మొదట గేజీగారి కార్డు చచ్చిపోయింది. తర్వాత ఆయన కంప్యూటరు మూసుకుపోయింది. అన్ని అంతస్తుల్లోని తెరల మీదా ఆయన ఫొటో, నల్ల అంచుతో, 'తీవ్ర విచారంతో' అంటూ ప్రత్యక్షమైంది. అది ఉద్యోగంలో చేరిన రోజు తీసిన ఫొటో. నిండా జుట్టు.

మేనేజరు ఆ తెర చూసి కుర్చీలో జారగిలబడ్డాడు. పడుకోమన్నది తనే. వాడు నిజంగానే పోయాడు. సేఫ్టీ మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు చూశారా? నిజమేనంటారా?"

సేఫ్టీ మేడమ్ కూడా అప్పుడే తెర చూసి నిలువునా నీరైపోయి ఉంది. మనిషి మరీ అంత కదలకుండా పడుకున్నప్పుడే తనకి అనుమానం రావలసిందని తనను తాను తిట్టుకుంటోంది. "మీకు కూడా వచ్చిందా సార్ కబురు?" అంది.

"వచ్చింది."

"అయ్యో! అయితే నిజమే సార్."

ఆవిడ మాటతో ఆయనకీ, ఆయన మాటతో ఆవిడకీ రూఢి అయిపోయింది. హెడ్డాఫీసువాళ్లు కూడా బరువైన మొహాలతో రావటంతో ఇక అనుమానానికి తావే లేకపోయింది. ప్రథమ చికిత్స గది అక్కడికి నాలుగడుగుల దూరం. కానీ మేనేజరుకి చూడటానికి ధైర్యం చాలలేదు. సేఫ్టీ మేడమ్‌కి, చూస్తే తనే అన్నిటికీ సంజాయిషీ రాసుకోవాలన్న భయం. కంప్యూటరు చెప్పాక మళ్లీ మనిషి వెళ్లి చూడటం ఆ కంపెనీ పద్ధతి కూడా కాదు.

హెచ్.ఆర్. అమ్మాయి గొంతు సవరించుకుని, కంప్యూటరు చూపించిన నంబరుకి ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో ఫోను లేక గేజీగారు బావమరిది నంబరు ఇచ్చారు. తర్వాత మార్చటం మరిచిపోయారు. బావమరిది వ్యాను నడుపుకుంటాడు. అడిగినా అడక్కపోయినా అందరి పనులూ నెత్తిన వేసుకునే మనిషి. కబురు విని రోడ్డు పక్కన వ్యాను ఆపేసి కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకుని ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని పనిలోకి దిగాడు.

బావగారి అక్కగారికి చెప్పాడు. ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పింది. అందరినీ వ్యానెక్కించుకుని తన అక్క ఇంటి ముందు దింపాడు. "మా అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకండి. తట్టుకోలేదు. నేను వెళ్లి బావని తీసుకొచ్చాక నెమ్మదిగా చెబుతాను," అని ఒట్టు వేయించుకున్నాడు. అక్క పనిచేసే స్కూలుకి ఫోన్ చేసి, ఇంటి దగ్గర చిన్న పనుంది, వెంటనే పంపించమన్నాడు. ఆ తర్వాత కంపెనీ దారి పట్టాడు.

భార్య ఆటో దిగేసరికి ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా తడుస్తూ నిలబడి ఉన్నారు. ఆడపడుచు ఒక్క ఉదుటున వచ్చి ఆమెని కావలించుకుని గొల్లుమంది.

"ఎంత పని జరిగిందమ్మా!"

భార్యకి విషయం అర్థమైపోయింది. పొద్దున అడుగుతానని వెళ్లిన మనిషి అడిగాడన్నమాట, వాళ్లు ఊడబెరికారన్నమాట.

"మీదాకా వచ్చేసిందా వదినా? మా తమ్ముడే చెప్పుంటాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఊరుకోండి, ఏడవకండి. ఇవాళ కాకపోతే రేపైనా తప్పేది కాదు. పొద్దున కూడా అదే అనుకున్నాం."

ఆడపడుచు ఏడుపు ఆపింది. "పొద్దునే అనుకున్నారా?"

"ఆ. పోతే పోతుంది, రోజూ ఈ నరకం కంటే అదే నయమని నేనే ధైర్యం చెప్పి పంపాను."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పక్కింటావిడ నెమ్మదిగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇకమీదట ఎలాగమ్మా నీకు?"

"ఎలాగేముంది పిన్నిగారూ? నా కాళ్ల మీద నేను నిలబడ్డదాన్నే కదా. కొన్నాళ్లు ఓపిక పడితే ఇంకోటి చూసుకోవచ్చు."

"ఇంకోటా!" అంది ఆడపడుచు.

"ఈ వయసులో దొరుకుతుందా అని కదా మీ అనుమానం? దొరుకుతుంది వదినా. మరీ పెద్దది కాకపోవచ్చు. చిన్నదైనా ఫరవాలేదు. మర్యాద తెలిసినవాళ్లయితే చాలు. అన్నయ్యగారికి ఎవరైనా తెలిసుంటే ఒక మాట చెప్పి ఉంచమనండి."

ఆడపడుచు గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడింది. "దుఃఖంతో మతి పోయింది పాపం," అని పక్కింటావిడ మిగతావాళ్లకి సర్దిచెప్పింది. భార్య తలుపు తాళం తీసి, ఇంతమంది వచ్చారు కదా అని కాఫీ పెట్టటానికి వెళ్లింది. వాళ్లలో ఒకరిద్దరు కాఫీ తాగవచ్చా తాగకూడదా అని గుసగుసగా చర్చించుకున్నారు.

అక్కడ గేజీగారు మెలకువ వచ్చి, దుప్పటి తీసి చూశారు. ఎక్కడా నరపురుగు లేదు. కారిడార్లు ఖాళీ. డ్రిల్లు అయిపోయి ఉంటుందనుకుని లాకరు దగ్గరికి వెళ్లి కార్డు పెట్టారు. ఎర్రలైటు. సెక్షన్ తలుపు దగ్గర పెట్టారు. ఎర్రలైటు. ఇంకేం చెయ్యాలో తోచక మెయిన్ గేటు దగ్గరి సెక్యూరిటీ గదికి వెళ్లారు. అక్కడ గార్డు కొత్తవాడు. వాడు కార్డు తీసుకుని తన కంప్యూటర్లో చూశాడు. చూసి, టోపీ తీశాడు.

"ఈయన పోయారు సార్. ఇందాకే, డ్యూటీలో."

"అది నేనేనయ్యా."

గార్డు టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "పోయినాయన కార్డు మీ దగ్గరికెలా వచ్చింది?"

"నా కార్డు నా దగ్గర కాక ఎవరి దగ్గరుంటుంది? ఫొటో చూడు."

గార్డు ఫొటో చూసి, ఆయన్ని చూశాడు. "ఈయనకి జుట్టుంది."

"అప్పట్లో నాకూ ఉండేది."

గార్డు నమ్మలేదు. మేనేజరుకి ఫోన్ చేసి, పోయినాయన కార్డుతో ఎవరో దొరికారని చెప్పాడు. మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "అప్పుడే పత్రికలవాళ్లకి వాసన తగిలిందన్నమాట! లోపలికి రానీకు. అక్కడే కూర్చోబెట్టు," అని పెట్టేశాడు.

గేజీగారిని ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. కిటికీ అద్దం మీద వాననీళ్లు చారలు కడుతున్నాయి. ఇంతలో ఆవరణలో ఉన్న మైకులన్నీ ఒక్కసారి గరగరలాడాయి. మేనేజరు గొంతు వినపడింది. సంతాప సభ ఆడిటోరియంలో జరుగుతోంది. పని వదిలి రాలేనివాళ్ల కోసం మైకుల్లో వినిపిస్తున్నారు.

"నిజం చెప్పే గేజీ దొరకటం కష్టం," అన్నాడు మేనేజరు. భయంతో వణికే ఆ గొంతు వినేవాళ్లకి దుఃఖంతో వణుకుతున్నట్టే ఉంది. "నిజం చెప్పే మనిషి దొరకటం ఇంకా కష్టం. అలాంటి మనిషిని ఇవాళ పోగొట్టుకున్నాం. ఆ సెక్షన్‌కి ఆయనే వెన్నెముక. ఇన్‌చార్జి పోస్టుకి నా మనసులో ఎప్పటినుంచో ఆయన పేరే ఉంది. ఆయన ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే..."

ఆ తర్వాత మైకు చేతులు మారింది. హెడ్డాఫీసు పెద్దాయన ఏదో అన్నాడు. దాన్ని ఎవరో తెలుగులో చెప్పారు. ప్రాణాలు అర్పించిన మనిషి పనిచేసిన సెక్షన్‌ని మూసే ప్రసక్తే లేదట. ఆయన సహచరులు ఇద్దరూ అక్కడే కొనసాగుతారట. ఆయన ఫొటో అక్కడ గోడకి పెడతారట. ఆడిటోరియంలో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆ గొంతు కవలల తండ్రిదని గేజీగారు గుర్తుపట్టారు.

"రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నారు మైకులో.

గార్డు లేచి నిలబడి టోపీ తీశాడు. స్టూలు మీద కూర్చుని ఉన్న గేజీగారి వైపు కోపంగా చూశాడు. "పోయినాయన మీద ఆ మాత్రం గౌరవం లేదా సార్? లేవండి."

గేజీగారు లేచారు. తల వంచుకుని, తన కోసం తనే మౌనం పాటించారు. ఇంత మంచివాడు పోయాడా అని ఆయనకి నిజంగానే దుఃఖం వచ్చింది. కళ్లు తుడుచుకోవటం చూసి గార్డు కాస్త మెత్తబడి, మంచినీళ్ల సీసా అందించాడు.

అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది. బావమరిది దిగి, తడిసిన మొహంతో లోపలికి వచ్చాడు. "మా బావని తీసుకెళ్లటానికి వచ్చానండీ. పోయినాయన బావమరిదిని," అంటూ మూలనున్న మనిషిని చూశాడు. చూసి, కెవ్వుమని కేక పెట్టి గార్డు వెనక నక్కాడు.

"బావా! నువ్వు పోయావు కదా!"

"అందరూ అదే అంటున్నార్రా. నా మాట ఎవరూ వినటం లేదు."

బావమరిది మెల్లగా ముందుకొచ్చి ఆయన చెయ్యి గిల్లి చూశాడు. ఆయన "అబ్బా" అన్నారు. వెంటనే బావమరిది ఆయన్ని గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. స్టీరింగు మీద ఏడ్చిన ఏడుపు దీని ముందు ఏ పాటిదీ కాదు.

"అయితే ఈయన మీవాడే అంటారు," అన్నాడు గార్డు. "తీసుకెళ్లండి. లోపలికి మాత్రం పంపను."

"ఎందుకు పంపవు? పద బావా, ఆ మేనేజరు మొహం మీదే అడుగుదాం, బతికున్నవాణ్ణి ఎలా చంపారో!"

గేజీగారు ఆడిటోరియం వైపు చూశారు. జనం బయటికి వస్తున్నారు. వాళ్లలో ఆయన సెక్షన్ వాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడుస్తున్నారు. ఆ మొహాల్లో ఏడుపుంది. ఏడుపు వెనక చాలా రోజులుగా లేని ఒక తేలిక కూడా ఉంది.

"వద్దురా," అన్నారాయన. "ఇంటికి పోదాం పద."

వ్యాను ఇంటి ముందు ఆగగానే లేచిన కేకలకి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. ఆడపడుచు తమ్ముణ్ణి చూసి గోడకి ఆనుకుంది. పక్కింటావిడ దండం పెట్టింది. భార్య కాఫీ గ్లాసుల పళ్లెంతో బయటికి వచ్చి, విసుగ్గా అందరినీ చూసింది.

"ఏమిటండీ ఈ గోల? ఉద్యోగం పోతే మనిషి ఇంటికి రాకూడదా?"

అప్పుడు బావమరిది జరిగిందంతా చెప్పాడు. అందరూ ఒకేసారి అందుకోవటంతో అటుదీ ఇటుదీ కలిసి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 'ఇంకోటి చూసుకోవటం' దగ్గరికి వచ్చేసరికి ఆడపడుచు తలవంచుకుంది, మిగతావాళ్లు నవ్వారు. భార్య నవ్వలేదు. పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. గేజీగారు వెనకే వెళ్లారు. ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉంది.

"పొద్దున్నించీ అందరికీ తెలుసన్నమాట," అంది. "నేను కాఫీ కలుపుతూ కూర్చున్నాను."

"డ్రిల్లే కదా. వాళ్లు పడుకోమన్నారు, పడుకున్నాను."

ఆవిడ కుళాయి కట్టేసి, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. వదలలేదు. "ఇంకెప్పుడూ ఎవరడిగినా చావకండి," అంది.

మర్నాడు గేజీగారు కంపెనీకి వెళ్లి, సందర్శకుల గేటు దగ్గర నిలబడి మేనేజరుకి కబురు చేశారు. మేనేజరు ఆయన్ని చూసి మొదట కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత కౌగిలించుకున్నాడు. ఆ తర్వాత గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"బతికే ఉన్నావా! ఎంత పని చేశావయ్యా!"

"నేనేం చెయ్యలేదు సార్."

హెచ్.ఆర్. అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి కంప్యూటరు ముందేసుకుని చాలాసేపు వెతికింది. "పోయినవాళ్లని మళ్లీ బతికించే బటన్ లేదు సార్," అంది చివరికి, నొచ్చుకుంటూ. "అవసరం వస్తుందని అనుకోలేదట."

ఆ అమ్మాయి వెళ్లాక మేనేజరు గొంతు తగ్గించాడు. "హెడ్డాఫీసువాళ్లు రాత్రే విమానమెక్కారు. మీ సెక్షన్ మూయటం లేదని, నీ గౌరవార్థమని, ప్రపంచంలో మనకున్న ఆఫీసులన్నిటికీ చెప్పేశారు. ఇప్పుడు నువ్వు బతికే ఉన్నావంటే..."

"సెక్షన్ పోతుందా సార్?"

"ముగ్గురూ పోతారు."

"నేను పోయే ఉంటే?"

"వాళ్లిద్దరూ ఉంటారు. ఒక ఖాళీ ఉంటుంది. నీ ఖాళీ." మేనేజరు బల్ల మీద పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. "దానికి కొత్త మనిషిని తీసుకోవాలి."

గేజీగారు కిటికీలోంచి బయటికి చూశారు. ముసురు ఇంకా విడవలేదు. మొదటిసారి చావటానికి ఆయన ఆలోచించలేదు. ఈసారి కాస్త ఆలోచించారు.

"సరే సార్. పోయే ఉంటాను."

ఇంటికెళ్లి భార్యకి చెప్పారు. కోప్పడుతుందని ఆయన సిద్ధపడ్డారు. ఆవిడ మాత్రం లేచి, ఉతికిన చొక్కా ఒకటి తీసి ఇస్త్రీ పెట్టె వేడి చెయ్యటం మొదలుపెట్టింది. "అక్కడ ఎలాగైనా ఉండండి. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం బతికి రండి," అంది.

ఇదివరకు కంపెనీ రికార్డుల్లో ఇంటిపేరు ముందూ సొంతపేరు వెనకా ఉండేవి. ఈసారి సొంతపేరు ముందూ ఇంటిపేరు వెనకా రాసేసరికి కంప్యూటరు ఆయన్ని వేరే మనిషిగా ఒప్పుకుంది. గేజీగారు ట్రైనీగా చేరారు. తన కుర్చీలోనే, తన బల్ల ముందే, నల్లరిబ్బను చుట్టిన తన ఫొటో కింద కూర్చుని పచ్చ స్టిక్కర్లూ ఎర్ర స్టిక్కర్లూ అంటించారు. కొత్తగా చేరినవాళ్లతో పాటు సేఫ్టీ క్లాసులకి వెళ్లారు. అక్కడ సేఫ్టీ మేడమ్ ఆయన కళ్లలోకి చూడకుండా పాఠం చెప్పేది. సెక్షన్ వాళ్లిద్దరికీ అంతా తెలుసు. వాళ్లు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు గానీ, టీ వచ్చినప్పుడల్లా మొదటి కప్పు ఆయన ముందే పెట్టేవారు.

కష్టసమయంలో చూపించిన నాయకత్వానికి మెచ్చి మేనేజరుకి ప్రమోషన్ ఇచ్చారు. ఆయన వెళ్లిపోయాడు. కొత్త మేనేజరు వచ్చాడు. గోడ మీది ఫొటో చూసి, ఆ సంతాప సభ గురించి విని, పోయినాయన మీద ఎంతో గౌరవం పెంచుకున్నాడు. ప్రొబేషన్ గడువు ముగిసే రోజున గేజీగారిని గదిలోకి పిలిచాడు. గేజీగారు ఈసారి నసగలేదు.

"సార్, ఆ ఇన్‌చార్జి పోస్టు నాకివ్వండి," అన్నారు.

కొత్త మేనేజరు జాలిగా చూశాడు. ఎదురుగా ఉన్న కాగితం మీద సంతకం చేస్తూ, "పనిలో శ్రద్ధ ఉంది, కాదనను," అన్నాడు, "కానీ నీకు ముందు ఆ సీట్లో ఉన్నాయన కాలిగోటికి కూడా సరిపోవు."